గురకకు ఓనర్ని నేనే

రాస్తున్నావా బిడ్డా? మీ అమ్మ బజారుకు వెళ్ళింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. తను ఇంట్లో ఉంటే మాటకోసారి "అట్ల కాదమ్మా" అని సరిచేస్తూ కూర్చుంటుంది. సరిచేయడమే కదా దాని ఉద్యోగం.

ఇది నువ్వు పుట్టకముందు సంగతి. మీ అమ్మకు అప్పటికి పెళ్ళి కూడా కాలేదు. హైదరాబాదులో క్వాంటం కంప్యూటర్ తయారు చేస్తామని బయలుదేరిన ఒక చిన్న కంపెనీలో చేరింది. ఆ రోజుల్లో మామూలు కంప్యూటరే మాకు అపురూపం. మా మండలాఫీసులో ఒకటుండేది. దాని మీద పూల గుడ్డ కప్పి, చెప్పులు బయట విప్పి రమ్మనేవాళ్ళు. అది చాలదని దానిని మించినదేదో వీళ్ళు చేస్తారట.

"అండ్ల నీ పని ఏందే?" అని అడిగాను.

"ప్రాజెక్ట్ మేనేజర్‌ని అమ్మా."

"అంటే ఆ మిషను నువ్వు చేస్తవా?"

"నేను చెయ్య. ఇంజనీర్లు చేస్తరు."

"మరి నువ్వు?"

"ఎంతదాక వచ్చింది, ఏడ ఆగింది, ఎందుకు ఆగింది, ఎప్పటికైతది... ఇయన్ని చూస్త."

"ఓసినీ! మా అత్త బతికినన్నాళ్ళు చేసింది గదే పని. ఆమెకు ఎవ్వడన్న జీతమిచ్చిండా?"

మీ అమ్మకు కోపం వచ్చి ఫోను పెట్టేసింది. మళ్ళీ తనే చేసింది, ఎండాకాలం మొదట్లో. ఈసారి గొంతులో బెదురుంది.

వాళ్ళ ఆఫీసు ఒక కిరాయి బిల్డింగు పై అంతస్తులో ఉండేది. దాని ముందు ఫ్లైఓవర్ కోసం తవ్వకాలు మొదలయ్యాయి. వాళ్ళ మిషనేమో వెలుగుతో పని చేసేది. ఒక సన్నటి ఎర్ర వెలుగును అద్దాలతో రెండుగా చీల్చి, మళ్ళీ ఒకచోట కలుపుతారు. కలిసినచోట తెల్ల అట్ట మీద ఎర్ర చారలు, నల్ల చారలు పడతాయి, అచ్చం మీ తాత లుంగీ లాగా. ఆ చారలు కదలకుండా నిలబడితేనే వెలుగుతో లెక్కలు చేయించగలరట. కింద బస్సు పోయినా, మనిషి గట్టిగా అడుగేసినా చారలు వణుకుతాయి, లెక్క చెడుతుంది. ఫ్లైఓవర్ పని మొదలయ్యాక చారలు నిలబడిన పూటే లేదు.

వాళ్ళ పెద్దసారుకు ఓపిక అయిపోయింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క రోజు చారలను నిలబెట్టి చూపించండి, లేకపోతే ప్రాజెక్టు మూసేసి మిమ్మల్ని బ్యాంకు సాఫ్ట్‌వేరు పనిలో వేస్తానన్నాడు.

"ఇది పోతే బతుకంత బ్యాంకోళ్ళ వడ్డీలు చూసుకుంట కూసోవాలె అమ్మా," అన్నది మీ అమ్మ. "ఇంత మంచి పని మళ్ళ నాకు దొరకదు. మనింటికి తెస్త ఆ మిషను. వడ్ల అర్రల పెడత. మనింటికాడ నిమ్మళంగ ఉంటది గదా? చప్పుడు, అదురుడు గిట్ల ఏమన్న ఉంటయా?"

"ఏముంటయే? ఆకు కదిలినా ఇనబడతది," అన్నాను.

ఈ మాట గుర్తుపెట్టుకో. తర్వాత దీని మీద నాతో చాలామంది తగాదా పెట్టుకున్నారు.

మా పల్లె మణుగూరు దగ్గర అడవి అంచునే ఉంది కదా. సగం మంది వ్యవసాయం, సగం మంది ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని పని. రోడ్డు దూరం, రైలు దూరం. వడ్లు పోసుకునే ఆ అర్రకు మూరెడు మందం మట్టి గోడలు, కింద నల్లబండల నేల, కిటికీ లేదు. మీ అమ్మ చిన్నప్పుడు అలిగితే అందులోనే దాక్కునేది.

వ్యానులో మిషను దిగింది. వెంట ఒక బట్టతల ఇంజనీరు వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి, మర్యాదస్థుడు. వయసులో మీ అమ్మకంటే చాలా పెద్ద, అయినా 'మేడమ్' అనేవాడు. మిషను అంటే నేను పిండిమర అంత ఉంటుందనుకున్నాను. చూస్తే ఒక ఇనుప పలక, దాని మీద చిన్న చిన్న అద్దాలు, బొట్టుబిళ్ళలు నిలబెట్టినట్టు. కరెంటు మా దగ్గర ఎప్పుడు పోతుందో తెలియదని బ్యాటరీలు తెచ్చుకున్నారు.

కొత్త వస్తువు ఇంట్లోకి వస్తోందని మీ తాత కొబ్బరికాయ పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు.

"నాయినా, కొట్టకు! అద్దాలు జరుగుతయి!" అని మీ అమ్మ అరిచింది.

"మరెట్ల? ఊకనే లోపలికి రానిస్తమా?"

చివరికి వీధి చివర కొట్టుకుని రమ్మని పంపించింది. మీ తాత అక్కడ కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప తిని, ఒక చిప్ప తెచ్చాడు.

మర్నాడు మీ అమ్మ గోడకు పెద్ద కాగితం అంటించింది. మా దేవుళ్ళ క్యాలెండరు మీదే అంటించింది. నిండా గళ్ళు, ఎరుపు, పసుపు, పచ్చ. పని అయితే పచ్చ, ఆగితే ఎరుపు. పొద్దున చాయ్ తాగే టైముకు అందరం దాని ముందు నిలబడాలి. కూర్చుంటే మాటలు ఎక్కువవుతాయట. నేను కూడా నిలబడాలి, మీ తాత కూడా. ఇంటి మనుషులు కూడా ప్రాజెక్టులో భాగమేనట.

"నిన్న ఏం చేసిండ్రు? ఇయ్యాల ఏం చేస్తరు? అడ్డమేమన్న ఉన్నదా?" అని వరుసగా అడిగేది.

"నిన్న దున్నిన. ఇయ్యాల దున్నబోత. అడ్డం నువ్వే, జల్దీ పోనియ్యి," అన్నాడు మీ తాత.

మొదటి రోజు పొద్దుటి పూట చారలు రాయి మీద చెక్కినట్టు నిలబడ్డాయి. ఇంజనీరు బయటికి వచ్చి నాకు రెండు చేతులా దండం పెట్టాడు. "అమ్మగారూ, మీ ఇల్లు బంగారమండీ," అన్నాడు. అందరం సంతోషంగా అన్నాలకు లేచాం. మనుషుల ఊపిరి కూడా తగలకూడదని ఆ అర్ర తలుపు మూసి, చారల కదలికను మిషనే రాసుకునేట్టు పెట్టి, చింతచెట్టు కింద కూర్చున్నాం. నాటుకోడి పులుసు, ముద్దపప్పు, గడ్డపెరుగు. ఇంజనీరు తిన్నవాడు తిన్నట్టే నులక మంచం మీద ఒరిగాడు. కాసేపటికి సగం నిద్రలో అడిగాడు.

"ఉరిమిందాండీ?"

"ఏం ఉరమలే సారూ, పండుకో."

లేచి లోపలికి వెళ్ళి చూస్తే, మిషను రాసుకున్నదాంట్లో అన్నాల తర్వాత చారలు చెల్లాచెదురై ఉన్నాయి. ఒక అద్దం పక్కకు జరిగింది కూడా. దాన్ని సరిచేసేసరికి సాయంత్రమైంది. మరుసటి రోజూ అంతే. పొద్దున బంగారం, అన్నాలయ్యాక ఆగం.

మీ అమ్మ నడుం బిగించింది. మధ్యాహ్నం ఇంట్లో ఏమేం కదులుతాయో ఒక్కొక్కటీ పట్టుకుని కాగితం మీదికి ఎక్కించింది. మొదట దొరికింది మేకపోతు. అది ఆ టైముకు వడ్ల అర్ర గోడకు వీపు రాసుకుంటుంది. దాన్ని తీసుకెళ్ళి పొలంలో కట్టేశారు. చారలు కదిలాయి. తర్వాత మా తోటికోడలు. పక్కింట్లో తను రోట్లో కారం దంచుకుంటోంది. మీ అమ్మ వెళ్ళి బతిమాలితే దంచడం ఆపింది కానీ గోడ మీద నుంచి నాతో అన్నది:

"ఏమక్కా, నీ బిడ్డ పెండ్లి చేసుకోదు గాని మిషనుకు పురుడు పోస్తుందా? ఊరందరిని మెల్లగ నడువుమంటుంది!"

"నువ్వు రెండు రోజులు కారం తినకుంటె నీ నోరు సుత మెల్లగైతది చెల్లె," అన్నాను.

కారం ఆగినా చారలు కదిలాయి. తర్వాత వంతు నాది. అన్నం తిన్నాక చిన్న రోట్లో వక్క దంచుకోవడం నాకు అలవాటు. 'అమ్మ, వక్క దంచుడు బంద్' అని ఎర్ర గడిలో రాసింది. కన్నబిడ్డ కోసం అది కూడా వదిలాను. తమలపాకు ఒట్టిదే నములుతుంటే మేకపోతు గుర్తొచ్చేది.

చారలు అప్పటికీ ఆగలేదు. మిగిలింది మీ తాత.

మీ తాత మధ్యాహ్నం పొలం నుంచి వచ్చి, అన్నం తిని, అరుగు మీద పడుకునేవాడు. ఆ అరుగు వడ్ల అర్ర గోడకు ఆనుకునే ఉంటుంది. ఆయన గురక సంగతి నీకు తెలియదు, నువ్వు వచ్చేసరికి తగ్గింది. అప్పట్లో ఆయన గురక పెడితే దూలం మీది పిచ్చుకలు లేచిపోయేవి. మీ అమ్మ కాగితం మీద కొత్త గడి గీసి, 'గురక: రిస్క్' అని రాసింది. పక్కన 'ఓనర్' అని ఉన్నచోట 'అమ్మ' అని పెట్టింది.

"గురక ఆయనది, ఓనర్ని నేనా?" అన్నాను.

"రిస్క్ ఎవరితోని వస్తదో వాళ్ళు కాదమ్మా ఓనరు. దాన్ని ఎవరు ఆపగలుగుతరో వాళ్ళు."

"లగ్గమైనకాడి నుంచి ఆపలేదే తల్లీ, ఇప్పుడాపుతనా?"

ఆపలేక మనిషినే జరిపాను. మంచం తీసుకెళ్ళి పశువుల కొట్టంలో వేశాను. మీ తాత ఎడ్ల పక్కన పడుకుని, "పుట్టిన ఇల్లిది. మిషను లోపల, నేను బయట," అని ఎడ్లకు చెప్పుకున్నాడు. అయినా అన్నాల తర్వాత చారలు కదిలాయి.

అలా వారం గడిచింది. పెద్దసారు వచ్చి చూసే రోజు దగ్గరికొచ్చేసింది. రేపు మంగళవారం ఆయన వస్తాడనగా సోమవారం పొద్దున కాగితమంతా ఎరుపే. మీ అమ్మ దాని ముందు నిలబడింది కానీ ఎవరినీ ఏమీ అడగలేదు. అడగని రోజు అదొక్కటే. ఇంజనీరు తన సామాను సర్దుకోవడం కూడా మొదలుపెట్టాడు. మీ అమ్మ చిన్నప్పటి నుంచి అంతే, ఓడిపోతే ఏడవదు, మాట్లాడదు.

సోమవారం నాకు ఒక్కపొద్దు. వంట చేసే ఓపిక కూడా లేక ఇంజనీరుకు అటుకులు, అరటిపండు పెట్టాను. పాపం, ఆయన ఆకలి తీరక, నిద్ర రాక, మంచం మీద నిటారుగా కూర్చుని వీధి చూస్తున్నాడు. వారంలో ఆయన మధ్యాహ్నం మెలకువగా ఉన్నది ఆ రోజే.

ఆయన చూసింది ఆయన నోటితోనే చెప్పాడు కాబట్టి నాకు తెలుసు. లేకపోతే నాకేం తెలుసు?

నేను బాసన్లు తోముకుని, గ్లాసులు ఒకదాని మీద ఒకటి పేర్చి, తోటికోడలితో మాట్లాడుతున్నానట. మాట్లాడుతూనే ఆ గ్లాసుల దొంతర మీద అరచెయ్యి పెట్టానట. తోటికోడలు గోడ మీద ఆరబెట్టిన ఊరగాయ జాడీని పట్టుకుందట. ఎదురు కొట్టు ఆయన ఎవరికో చక్కెర జోకుతూ, తక్కెడ కింద పెట్టి, రెండు చేతులూ బిస్కెట్ల సీసాల మూతల మీద పెట్టాడట. గుట్ట మీది పల్లె నుంచి తేనె అమ్మడానికి వచ్చిన ఆమె వాళ్ళ భాషలో పిల్లను గదమాయిస్తూనే వంగి తేనె కుండ మూతి మూసిందట. మీ తాత కొట్టంలో నిద్రలోనే చెయ్యి చాపి, తలదగ్గరి రేడియోను పట్టుకున్నాడట. ఎవ్వరూ మాట ఆపలేదు, తల తిప్పలేదు. మీ అమ్మ ఫోనులో పెద్దసారుకు ఏదో సర్దిచెబుతోంది. రెండో చెయ్యి చాయ్ గ్లాసు మీద.

అప్పుడు ధడ్‌మన్నది.

నేల ఒక్కసారి గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుని ఊరుకుంది. మా చేతులు వాటంతటవే వెనక్కి వచ్చాయి. తక్కెడ లేచింది. తేనె అమ్మే ఆమె ముందుకు సాగింది. ఇంజనీరు మాత్రం మంచం మీద లేచి నిలబడ్డాడు.

"ఏంటండీ అది?"

"ఏంది సారూ?"

"ఇప్పుడు మీరంతా ఏం చేశారు?"

"ఏం చేసినం?"

"ఆ గ్లాసులు ఎందుకు పట్టుకున్నారండీ?"

"ఏ గ్లాసులు?" అని చూసుకుంటే నా చెయ్యి ఇంకా గ్లాసుల పక్కనే ఉంది.

మీ అమ్మ ఫోను చెవి దగ్గర నుంచి తీసింది. తన చేతి వైపు చూసుకుంది, చాయ్ గ్లాసు వైపు చూసుకుంది. మెల్లగా తల పట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"అమ్మా... ఓపెన్‌కాస్ట్‌ల బ్లాస్టింగు!"

"అవ్. అయితే?"

"అయితే ఏందమ్మా! రోజు ఇదే టైముకు పేలుస్తరు గదా!"

రోజూ పేలుస్తారు, మీ అమ్మ ఊయలలో ఉన్నప్పటి నుంచీ. ఆ చప్పుడుకు అది ఏనాడూ నిద్ర లేవలేదు. బడిలో పంతులు పలకలు పట్టుకోమని కూడా చెప్పేవాడు కాదు, పిల్లలే పట్టుకునేవాళ్ళు. మనిషి తన ఊపిరిని వింటాడా? మాకూ అది అంతే.

అంత మర్యాదస్థుడైన ఇంజనీరుకు మొదటిసారి కోపం వచ్చింది. "ఆకు కదిలినా వినబడుతుందన్నారు కదండీ!" అన్నాడు.

"ఆకు కదలలే కదా సారూ. నేల కదిలింది," అన్నాను.

ఈనాటికీ నేను చెప్పింది అబద్ధం కాదనే నా వాదన. మీ అమ్మ ఒప్పుకోదు. కానీ దానిదీ ఆ ఊరే కదా? దానికి మాత్రం గుర్తుందా? ఇది కూడా రాయి.

మీ అమ్మ రెండు నిమిషాలు నవ్వింది. వారం తర్వాత నవ్వడం. వెంటనే కాగితం దగ్గరికి వెళ్ళి గళ్ళన్నీ కొట్టేసి ఒకే ఒక్క పెద్ద గడి గీసింది. గనిని ఆపలేం, మిషనును ఇంకోచోటికి మోసుకెళ్ళే టైము లేదు. "మరి అదురుడు మిషను దాక రాకుంట ఎట్ల ఆపుదాం?" అని ఇంజనీరును అడిగింది.

"ఆఫీసులో బల్ల కాళ్ళ కింద గాలి ఉంటుంది మేడమ్. అదురును గాలి మింగేస్తుంది. ఇక్కడ నేల అదరదన్నారని ఆ బల్ల తేలేదు," అని నా వైపు చూశాడు. నేను గ్లాసుల వైపు చూశాను.

"గాలే గదా కావాల్సింది? స్కూటర్ ట్యూబులు పెడదాం," అన్నది మీ అమ్మ.

పంక్చరు షాపు ఆయన ట్యూబులు తెచ్చి గట్టిగా గాలి కొట్టాడు. ఇంజనీరు నొక్కి చూసి సగం వదిలేయమన్నాడు. "గాలి తక్కువైతె నా పేరు పోతది సారూ," అని ఆయన మళ్ళీ కొట్టాడు. ఈయన వదలడం, ఆయన కొట్టడం. చివరికి నేను వెళ్ళి, "ఇడ్లీ అంత మెత్తగుండాలెనంట తమ్మీ," అంటే ఒప్పుకున్నాడు. ట్యూబుల మీద బట్టలుతికే నల్లబండ పెట్టారు, మోయడానికి ఊరంతా వచ్చింది. బండ మీద ఇనుప పలక. దీపాల వేళకు మళ్ళీ చారలు పడ్డాయి.

మంగళవారం పొద్దున్నే పెద్దసారు కారులో దిగాడు. మనిషి సన్నగా, మాట పొదుపుగా ఉన్నాడు. మీ అమ్మ నీళ్ళిచ్చి, దాచిపెట్టకుండా అంతా చెప్పేసింది.

"మీరు పుట్టిన ఊరే కదా? మీకు తెలియదా?" అన్నాడాయన.

"పుట్టిన ఊరు కాబట్టే తెలియలేదు సర్."

ఆయన పొద్దంతా కుర్చీ వేసుకుని ఆ చీకటి అర్రలోనే, ఊపిరి తగలనంత దూరంలో కూర్చున్నాడు. చారలు కదల్లేదు. అన్నాలయ్యాయి. ఆ వేళ దగ్గరికి రాగానే మీ అమ్మ, ఇంజనీరు, తలుపు సందులో నుంచి నేను, అందరం ఆ చారల మీదే చూపు పెట్టాం. ఆ రోజు మొదటిసారి నేను ఆ చప్పుడు కోసం ఎదురుచూశాను. బయట వీధిలో అందరి చేతులూ వాటి వాటి చోట్లకు పోయే ఉంటాయి.

ధడ్.

చారలు ఒక్కసారి ఉలిక్కిపడి, మళ్ళీ వాటి చోట అవి నిలబడ్డాయి. అద్దం జరగలేదు. ఇంజనీరు కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దసారు మెల్లగా తల ఊపి, "బాగుంది..." అనబోయి ఆగాడు.

చారలు మళ్ళీ కదులుతున్నాయి. ఉలికిపాటు కాదు. నెమ్మదిగా పైకి లేచి, నెమ్మదిగా దిగి, ఆగి, మళ్ళీ లేస్తున్నాయి.

"ఇది కూడా గనేనా?" అన్నాడు పెద్దసారు.

మీ అమ్మ గోడకు చెవి పెట్టింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరచిపోను.

దోషి దొరికాడు కదా అని మీ తాత పొద్దున్నే మంచం తెచ్చి మళ్ళీ అరుగు మీద వేసుకున్నాడు. గనితో కలిపి తనకూ శిక్ష వేశారని అలక. కడుపునిండా తిని, గోడకు ఆనుకుని పడుకున్నాడు. బయటికి వచ్చి చూస్తే ఆయన పొట్ట లేచినప్పుడు లోపల చార లేస్తోంది, దిగినప్పుడు దిగుతోంది. నేల అదురు ట్యూబులతో ఆగింది గానీ, గాలిలో వచ్చే గురక ఆగలేదు. బ్లాస్టింగు హోరులో ఇన్నాళ్ళూ కనబడకుండా ఇది కూడా ఉండనే ఉంది!

పెద్దసారు గోడ మీది కాగితం చూశాడు. కొట్టేసిన గళ్ళలో 'గురక' ఇంకా కనబడుతోంది.

"ఈ రిస్క్ ముందే రాశారే! మరి ఓనర్ ఎవరు?"

మీ అమ్మ, ఇంజనీరు ఇద్దరూ నన్ను చూపించారు.

ఏం చేస్తాను? వెళ్ళి మీ తాతను భుజం పట్టి పక్కకు తిప్పాను. గురక ఆగింది. లోపల నుంచి ఇంజనీరు, "నిలబడ్డాయండీ!" అని కేక వేశాడు. ఆ కేకకు చారలు ఇంకోసారి కదిలాయి, అది వేరే సంగతి. సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని, మీ తాత వెల్లకిలా తిరిగినప్పుడల్లా తిప్పుతూనే ఉన్నాను. క్వాంటం కంప్యూటరులో నేను చేసిన పని అది.

పొద్దు గూకేటప్పుడు పెద్దసారు లేచాడు. ప్రాజెక్టు మూయడం లేదన్నాడు. గని పేలినా, ముసలాయన గురక పెట్టినా కనిపెట్టగలిగిన మిషను ఎక్కడైనా బతుకుతుందన్నాడు. వానాకాలం దాకా ఇక్కడే ఉంచి పని చేయండన్నాడు. మీ అమ్మ ఎరుపు పెన్ను నా చేతికి ఇచ్చి, పచ్చ పెన్నుతో ఆ పెద్ద గడి నింపింది. గడి నిండినా ఆపకుండా పూస్తూనే ఉంది. నేను చూశాను, చూడనట్టు ఉన్నాను.

అప్పుడే మీ తాత లేచి, ఒళ్ళు విరుచుకుని, అందరూ నవ్వుతుంటే చూశాడు.

"అయిపాయెనా పరీక్ష? నా మీది కేసు కొట్టేసిండ్రా?"

"మిషను గెలిచింది నాయినా," అన్నది మీ అమ్మ. "వానకాలం దాక ఈడనే ఉంటది."

"మంచిదాయె. మరి నేనేడ పండుకోవాలె?"

అందరూ మళ్ళీ నా వైపే చూశారు, ఓనర్ని నేనే కదా. నేను మంచం భుజాన వేసుకుని కొట్టం వైపు నడిచాను. ఎడ్లు పాపం లేచి చోటిచ్చాయి.